ఖర్చు మూడింతలు, సరుకు ఒకటిన్నరింతలు

పల్లెలో ఒక మనిషి నెల ఖర్చు 2011-12లో సగటున 1,430 రూపాయలు. 2023-24లో 4,122. పన్నెండేళ్లలో దాదాపు మూడింతలు. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి పల్లెలు బాగుపడ్డాయని వాదించేవాళ్లకు కొదవ లేదు. కానీ ఆ అంకెలిచ్చిన కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వేలోనే ఇంకో అంకె ఉంది: 2,079. 2023-24 ఖర్చును 2011-12 ధరల్లోకి మారిస్తే తేలేది అది. అంటే ఇంటికి వచ్చిన సరుకు, సేవల లెక్కలో పెరుగుదల 45 శాతం, ఏడాదికి మూడు శాతం పైచిలుకు. పట్టణాల్లో ఇంకా తక్కువ: 2,630 నుంచి 3,632కి, 38 శాతం. మిగతాది ధరలే మింగేశాయి.

ఆ 45 శాతాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మలేం. ఈసారి సర్వే పద్ధతే మారింది. సిబ్బంది ఒక్కో ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు, వస్తువుల జాబితా కూడా పెరిగింది. గుచ్చిగుచ్చి అడిగితే మరిచిపోయిన ఖర్చులూ బయటపడతాయి. మధ్యలో 2017-18లోనూ ఒక సర్వే జరిగింది. నాణ్యత బాగాలేదంటూ 2019 నవంబరులో కేంద్రం దాన్ని పక్కన పడేసింది. అది చేతిలో ఉంటే ఈ పన్నెండేళ్లలో ఎక్కడ నడిచాం, ఎక్కడ ఆగిపోయాం అన్నది కొంతైనా తెలిసేది.

పాత ధరల్లోకి మార్చడమంటే ఖర్చును ధరల పెరుగుదలతో భాగించడమే. అసలు పేచీ ఏ ధరతో భాగిస్తున్నామన్న దగ్గర ఉంది. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న వినియోగ ధరల సూచీలో (జనం కొనే సరుకుల ధరలు ఎంత పెరిగాయో కొలిచే అంకె అది) ఆహారానికి పల్లెల్లో 54.18 శాతం, పట్టణాల్లో 36.29 శాతం వెయిటేజీ, అంటే లెక్కలో వాటా ఇచ్చారు. అవి సగటు ఇంటి లెక్కలు. 2023 జులై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లో టమాటా ధర చూసి దేశమంతా నోరెళ్లబెట్టిన నెల. చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతమే, కూరగాయల్లో మాత్రం 37 శాతం దాటింది. కారు ఈఎంఐ కట్టే ఇంట్లో అది కాసేపటి కబురు. గ్రామాల్లో అట్టడుగు 5 శాతం మంది సగటు నెల ఖర్చు 2023-24లో 1,677 రూపాయలు. ఆ ఇంట్లో చారుకు టమాటా బదులు చింతపండు వాడుకునే నెల అది. అలాంటప్పుడు ఇద్దరి ఖర్చునూ ఒకే సూచీతో భాగిస్తే పేదింటి వాస్తవ వినియోగం (ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది) ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

మన రాష్ట్రాల విషయానికొస్తే 2023-24లో గ్రామీణ తలసరి నెల ఖర్చు తెలంగాణలో 5,435 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 5,327. రెండూ జాతీయ సగటుకు చాలా పైన. గర్వపడొచ్చు, కాకపోతే ఆ ఖర్చు దేనికన్నది చూడాలి. ప్రైవేటు ఆసుపత్రి బిల్లూ వినియోగమే, అప్పు తెచ్చి కట్టిన కాలేజీ ఫీజూ వినియోగమే. ఇక తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. కూలికి వెళ్లే మహిళ అంతకుముందుకన్నా ఎక్కువే తిరుగుతున్నా, సర్వే కాగితంలో ఆమె బస్సు ఖర్చు తగ్గుతుంది. రేషన్ బియ్యం లాంటి ఉచిత సరుకులకు విలువ కట్టి వేరే అంచనా ఇస్తున్నారు (గ్రామాల్లో 4,247 రూపాయలు). ఉచిత సేవలకు ఆ లెక్కా లేదు.

జీడీపీలో గృహ వినియోగం వాటా ఇంచుమించు 60 శాతం. 2023-24లో ఆ వినియోగం ధరల పెరుగుదల తీసేస్తే 4 శాతం పెరిగిందని కేంద్ర గణాంకాల శాఖ 2024 మేలో చెప్పింది, 2025 ఫిబ్రవరికల్లా దాన్ని 5.6 శాతం చేసింది. సవరణ తప్పు కాదు. కానీ మొదటి అంకె పట్టుకుని టీవీలో నెలల తరబడి వాదించుకున్నవాళ్లెవరూ రెండోది వచ్చినప్పుడు నోరు విప్పలేదు.

నా మట్టుకు, వాస్తవ వినియోగం కన్నా మెరుగైన కొలబద్ద లేదు. జీతం దాచొచ్చు, ఆస్తి దాచొచ్చు, తిన్న తిండిని దాచడం కష్టం. అయితే దాన్ని ఒకే సగటుగా కాక, ఖర్చును బట్టి విడదీసిన పది వర్గాలకు పది ధరల సూచీలతో ఏటా విడుదల చేయాలి. ఇంటింటి బుట్టలో ఏముందో సర్వే దగ్గర ఇప్పటికే ఉంది. అట్టడుగు వర్గానికి ఆ భాగహారం విడిగా చేసి ప్రచురించడమే మిగిలింది.