13 నిండేలోగా మీ అబ్బాయిది ఏ రాష్ట్రమో తేల్చేయండి

మనిషి ఏ ఊరివాడన్నది తేల్చడం ఎంత కష్టమో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. తాత ఊరు ఒకటి, నాన్న ఉద్యోగం ఒకచోట, చదువు ఇంకోచోట, ఓటు మరోచోట. ఇంత చిక్కుముడిని ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆట పెద్దలు, ఏ ఆటగాడు ఏ రాష్ట్ర జట్టుకు ఆడాలన్న విషయంలో, 2012లో ఒక్క వాక్యంతో విప్పేశారు. 13వ పుట్టినరోజుకు ముందు నువ్వు ఏ రాష్ట్రంలో కాపురం ఉన్నావో అదే నీ రాష్ట్రం. అక్కడ పుట్టినా సరే, మీ నాన్న ఆ రాష్ట్రానికి ఆడి ఉన్నా సరే. ఆ తర్వాత మతం మార్చుకో, పార్టీ మార్చుకో, మీసకట్టు మార్చుకో, ఎవరూ ఏమీ అనరు. రాష్ట్రం జోలికి మాత్రం రాకు. ఇంత పకడ్బందీ నిబంధనను మెచ్చుకునేవాళ్లు మన తెలుగులో ఒక్కరూ కనిపించడం లేదు కాబట్టి ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని పరిగెత్తి ఎదుటివాళ్ల గీత అవతల నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, 4 పాయింట్లు. ఆరుసార్లు మిమ్మల్ని పడేసేలోగా ఆ పని కాకపోతే బంతి మర్యాదగా అవతలివాళ్ల చేతిలో పెట్టాలి. 15 మంది ఆడే రగ్బీ వేరే. 1895లో ఇంగ్లండ్‌లో ఆ రెండూ విడిపోయింది పనికి సెలవు పెట్టి ఆడినవాడికి ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్న గొడవలో. ఇవ్వాల్సిందే అన్నవాళ్లది ఈ ఆట. డబ్బు దగ్గర అన్నదమ్ములు వేరుపడటం మనకు వివరించనక్కర్లేదు.

ఏటా నీలం చొక్కాల న్యూ సౌత్ వేల్స్‌కీ మెరూన్ చొక్కాల క్వీన్స్‌లాండ్‌కీ మధ్య మూడు మ్యాచ్‌లు జరుగుతాయి. పేరు స్టేట్ ఆఫ్ ఆరిజిన్. ఆ రాత్రి ఆ రెండు రాష్ట్రాల రాజధానులైన సిడ్నీ, బ్రిస్బేన్ నగరాల్లో జనం టీవీ ముందు నుంచి కదలరు. మెల్‌బోర్న్‌వాళ్లు మాత్రం ఎవరింట్లోనో పెళ్లి అన్నట్టు చూస్తారు. ఈ పెద్దల జట్ల కింద అబ్బాయిలకూ అమ్మాయిలకూ రాష్ట్ర జట్లు ఉంటాయి. అండర్-16, అండర్-18, అండర్-19 అంటూ వయసులు అప్పుడప్పుడు మారుతుంటాయి. పౌరుషం మాత్రం మారదు. గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడు గీతం వినిపించగానే పళ్లు బిగించి, పక్క రాష్ట్రంవాడి మీద తరతరాల పగ ఉన్నట్టు చూడాలి. పక్క రాష్ట్రంవాడి ఇంట్లో తినేదీ అదే, మాట్లాడేదీ అదే, పాడేదీ ఆ గీతమే. తేడా కనిపించనప్పుడు పౌరుషం కాస్త ఎక్కువ కావాలి కదా!

ఈ పగ ఎక్కడ పుట్టిందో చెప్పడం చరిత్రకారుడి ధర్మం. 1956లో న్యూ సౌత్ వేల్స్‌ ప్రభుత్వం క్లబ్బుల్లో పోకర్ మెషీన్లకు చట్టబద్ధంగా అనుమతి ఇచ్చింది. పెన్షన్ వచ్చిన రోజున ముసలాయన నాణేలు వేసి మీట లాగడం, ఆ నాణేలు మూటగట్టి క్లబ్బు క్వీన్స్‌లాండ్‌ కుర్రాణ్ని కొనుక్కోవడం. అప్పట్లో ఏ రాష్ట్రంలో ఆడుతుంటే ఆ రాష్ట్రం జట్టుకే ఆడాలి. దాంతో సిడ్నీకి వచ్చిన క్వీన్స్‌లాండ్‌వాడు ఏటా వెళ్లి క్వీన్స్‌లాండ్‌నే ఓడించి వచ్చేవాడు. మన వేలితో మన కన్నే పొడిపించారని బ్రిస్బేన్‌ జనం ఏళ్ల తరబడి కుమిలిపోయారు. చివరికి 1980 జులై 8న, ఎక్కడ ఆడుతున్నా సరే ఎవరి ఊరికి వాళ్లు ఆడాలని బ్రిస్బేన్ మైదానం లాంగ్ పార్క్‌లో ఒక మ్యాచ్ పెట్టారు. క్వీన్స్‌లాండ్‌లోని రోమాలో పుట్టి, అప్పటికే న్యూ సౌత్ వేల్స్‌కి ఆడేసిన ఆర్థర్ బీట్‌సన్ 35 ఏళ్ల వయసులో తొలిసారి మెరూన్ చొక్కా వేసుకుని కెప్టెన్‌గా దిగాడు. పారమటా క్లబ్బులో తన సహచరుడే అయిన మిక్ క్రోనిన్‌ని ఆ రాత్రి ఆయన ఎలా తగులుకున్నాడో నేటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. 20-10తో క్వీన్స్‌లాండ్ గెలిచింది. జూదం డబ్బుతో మొదలైన కథ మాతృభూమి ప్రేమగా తేలింది. దేశభక్తి ఇంత చవగ్గా తయారైన సందర్భాలు తక్కువ.

మాతృభూమి అన్నాక ఒక చిహ్నం ఉండాలి. న్యూ సౌత్ వేల్స్‌వాళ్లను బొద్దింకలు అంటారు, క్వీన్స్‌లాండ్‌వాళ్లను కేన్ టోడ్‌లు, అంటే చెరకుతోట కప్పలు, అంటారు. తిట్టుగా మొదలైనదాన్ని ఇప్పుడు రెండు పక్షాలూ టీషర్టు మీద అచ్చేయించుకుంటున్నాయి. ఆ కప్ప చరిత్ర నిబంధనల కమిటీ కంట పడిందో లేదో గానీ, అది పుట్టు క్వీన్స్‌లాండర్ కాదు. 1935లో చెరకు పురుగుల్ని తింటుందని హవాయి నుంచి తెప్పించారు. వచ్చి, పురుగుల్ని వదిలేసి మిగతావన్నీ తింది. ఆ మొదటి విడత కప్పల వయసు ధ్రువీకరణ పత్రాలు దొరకడం లేదు. అయితే వాటి పిల్లలన్నీ క్వీన్స్‌లాండ్‌లోనే పుట్టాయి కాబట్టి రూల్ ప్రకారం అవి పక్కా లోకల్. అభ్యంతరం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా తెలపాలి.

కప్పకు దొరికిన న్యాయమే గ్రెగ్ ఇంగ్లిస్‌కీ దొరికింది. ఆయన పుట్టింది కెంప్సీలో, పెరిగింది బౌరావిల్‌లో. పటంలో చూసుకోండి, రెండూ న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉన్నాయి. కానీ పాత నిబంధనలో లెక్క వేరు, పెద్దల స్థాయిలో మొదట ఎక్కడ ఆడితే అదే పుట్టినిల్లు. ఆ దారిన క్వీన్స్‌లాండర్ అయిపోయి, పుట్టిన రాష్ట్రం మీదే 18 ట్రైలు కొట్టాడు. ఈ పోటీల చరిత్రలో అన్ని ట్రైలు ఇంకెవరికీ లేవు. సిడ్నీవాళ్లకు ఆ దిగులు ఇంకా తీరలేదు. ఆ గాయం మీద రాసిన మందే 2012 నిబంధన అని నా అనుమానం. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఊరికే అన్నారా? ఏ వైపు వంగాలో మొక్కగా ఉన్నప్పుడే రిజిస్టరు చేయించాలి.

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒక విషయంలో కంగారుపడాలి. నిబంధన మొత్తం పుట్టినతేదీ మీద నిలబడి ఉంది. మనలో ఒక తరం మొత్తం అమ్మ కడుపున ఒక నెలలో, హెడ్మాస్టరుగారి రిజిస్టరులో జూన్‌లో పుట్టింది. బళ్లో వేసే రోజున ‘వయసు చాలదండీ’ అని ఆయనే ఒక తేదీ దయచేసేవారు. అలాంటి తేదీల మీద మాతృభూమిని కట్టడం మా తరంతో అయ్యే పని కాదు. మా పిల్లలైతే సిడ్నీలోని వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నిమిషంతో సహా పుట్టారు కాబట్టి వాళ్లకు ఢోకా లేదు.

రాష్ట్రాన్ని ఇంత జాగ్రత్తగా కేటాయించాక పిల్లలు ఏం సాధించారో చూడాలి కదా. అండర్-20 ఆరిజిన్ 2012లో సిడ్నీ శివారు పెన్రిత్‌లో మొదలైంది. అప్పటి నుంచి 2017 దాకా వరుసగా ఆరేళ్లు న్యూ సౌత్ వేల్స్ కుర్రాళ్లే గెలిచారు. అదే ఆరేళ్లలో పెద్దల సిరీస్‌ను, ఒక్క 2014 మినహా, క్వీన్స్‌లాండ్ ఎగరేసుకుపోయింది. 2018లో క్వీన్స్‌లాండ్ పిల్లలు ఎట్టకేలకు గెలిచారు, ఆ ఏడు పెద్దల సిరీస్ న్యూ సౌత్ వేల్స్‌కు పోయింది. భవిష్యత్తు మాదే అని చెప్పుకోవడానికి కుర్రాళ్ల జట్టును మించింది లేదు. ఆ భవిష్యత్తు వచ్చాక ఏమైందని అడిగేవాళ్లను సెలెక్షన్ కమిటీలో వేసుకోరు.

సిడ్నీ పడమటి శివార్లలో చలికాలం శనివారం పొద్దున్నే ఏ మైదానానికైనా వెళ్లండి. పదేళ్ల పిల్లలు బురదలో ఒకరి మీద ఒకరు పడుతుంటారు. సగం ఆటకు ఎవరో ఒకమ్మ ప్లాస్టిక్ డబ్బాలో నారింజ ముక్కలు తెచ్చి, చేతులు కడుక్కోని పిల్లలందరికీ పంచుతుంది. సాసేజ్ కాలుతున్న పొగ వెనక ఒక పెద్దమనిషి మడతకుర్చీ వేసుకుని, టోపీ కళ్ల మీదకి లాక్కుని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటుంటాడు. ఆయన రాసేది ఎత్తు, బరువు, తండ్రి భుజాల వెడల్పు. ఆ మైదానానికి ఎదురుగా రోడ్డవతల ట్యూషన్ సెంటరు ఉంటుంది. అందులో మన తెలుగు పిల్లలు ఆరో తరగతిలో రాయాల్సిన సెలెక్టివ్ స్కూల్ (మార్కులు చూసి చేర్చుకునే సర్కారు బడి) పరీక్షకు మాక్ టెస్టులు రాస్తుంటారు. బయట కార్లలో మన నాన్నలు కూర్చుని కటాఫ్ గురించి మాట్లాడుకుంటారు. ఇటు రగ్బీ నాన్న, అటు కటాఫ్ నాన్న, ఇద్దరి కళ్లలోనూ ఒకటే టెన్షన్. ఇద్దరి పిల్లల జాతకాలూ 13 నిండేలోపే తేలిపోతాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసి, పాపం చిన్నపిల్లలను ఎంత బాధపెడుతున్నాడో అని జాలిపడతారు.

సమోవా, టోంగా కుటుంబాల గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ శివార్ల జట్లలో బలమంతా వాళ్ల పిల్లలదే. వాళ్ల విషయంలో నిబంధన ఎంతో ఉదారంగా ఉంది. 2022లో చూశాం కదా, న్యూ సౌత్ వేల్స్‌కి ఆడినవాడు సమోవాకూ ఆడవచ్చు. ఎందుకంటే సమోవా రెండో శ్రేణి దేశం, దానికి ఆడితే అప్పటి లెక్కలో ఇంకో దేశానికి ఆడినట్టు కాదు. న్యూజిలాండ్‌, ఇంగ్లండ్‌ మొదటి శ్రేణి, వాటికి ఆడితే ఆరిజిన్‌కు అప్పట్లో నీళ్లొదులుకోవాల్సి వచ్చేది. ఆ ఏడు ప్రపంచకప్ సెమీఫైనల్లో రెండో శ్రేణి సమోవా లండన్‌లో మొదటి శ్రేణి ఇంగ్లండ్‌ను 27-26తో ఓడించింది. చివరి పాయింటు కొట్టిన స్టీఫెన్ క్రైటన్ న్యూ సౌత్ వేల్స్‌వాడు కూడా. శ్రేణి నిర్ణయించేది స్కోరుబోర్డు కాదు, కమిటీ అని అప్పుడు అందరికీ అర్థమైంది.

క్రమశిక్షణ మాటకొస్తే పెద్దలు రాజీపడరు. క్యాంపు అనగానే మనకు రిసార్టులో కూర్చోబెట్టిన ఎమ్మెల్యేలు గుర్తొస్తారు గానీ, అక్కడ రేపటి ఆటగాళ్లను తయారుచేయడానికి పెడతారు. 2016 జనవరిలో క్వీన్స్‌లాండ్ క్యాంపులో ఎనిమిది మంది రాత్రి గడువు దాటి బయట తిరిగారు. 12 నెలలు ఆరిజిన్ నుంచి నిషేధం! నీతి అంటే అదీ అని అందరూ చప్పట్లు కొట్టారు. గడువు ముగిసి 2017 వచ్చింది. సిరీస్ తేల్చే మూడో మ్యాచ్‌లో ఆ ఎనిమిది మందిలో ఒకరైన వాలెంటైన్ హోమ్స్ మూడు ట్రైలు కొట్టాడు, ఇంకొకరైన కామెరాన్ మన్‌స్టర్ ఆరిజిన్‌లో అడుగుపెట్టాడు, క్వీన్స్‌లాండ్ 22-6తో కప్పు పట్టుకుపోయింది. అంతకుముందు చప్పట్లు కొట్టినవాళ్లే ఇంకా గట్టిగా కొట్టారు. ముందుచూపు ఉన్న పరిపాలకులు నిషేధాన్ని సరిగ్గా ఏడాదికే ఎందుకు పెట్టారో ఇప్పుడు బోధపడింది.

నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఉంది. పెద్దవాడు హైదరాబాద్ నుంచి నాలుగేళ్లప్పుడు బ్రిస్బేన్ వచ్చాడు. తండ్రి ఉద్యోగం మారి ఇల్లు సిడ్నీకి చేరాక చిన్నవాడు పుట్టాడు. ఆరిజిన్ ఉన్న బుధవారం రాత్రి ఒకే సోఫాలో ఒక మెరూన్ చొక్కా, ఒక నీలం చొక్కా, మధ్యలో దిండ్లతో కట్టిన సరిహద్దు. ఆ తల్లి వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి, ‘ఇంతకీ మనవాళ్లు ఎవర్రా?’ అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి సమాధానం చెప్పారు, వేర్వేరుగా. ‘మనది దిల్‌సుఖ్‌నగర్ కదరా’ అంది ఆవిడ. ఇద్దరూ తల తిప్పకుండానే, అది చెల్లదమ్మా అన్నారు, ఈసారి ఒకే మాట.

తండ్రి మాత్రం ఆట చూడటం లేదు. ఫోన్లో నిబంధనలు చదువుతున్నాడు. తండ్రి ఆడి ఉంటే కొడుక్కి అర్హత అన్న వాక్యం దగ్గర ఆగిపోయాడు. మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజనీరింగ్ చదివినవాడికి నాన్న కోటా అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. మరుసటి వారం నన్ను ఒక సందేహం అడిగాడు. 1998లో తను ఇంటర్ కాలేజీ కబడ్డీ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉంది, ప్రిన్సిపాల్ సంతకం, గుండ్రటి స్టాంపు అన్నీ ఉన్నాయి, పనికొస్తుందా అని. రాదేమో అన్నాను. అడిగితే పోయేదేముంది అని జిరాక్స్ తీయించాడు. రెండు కాపీలు, సిడ్నీకి ఒకటి, బ్రిస్బేన్‌కి ఒకటి.