బావమరిదికి సింహాసనమా?

(1066 జనవరి 5న ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ పిల్లల్లేకుండానే చనిపోయాడు. మర్నాడే బావమరిది హెరాల్డ్ కిరీటం పెట్టుకున్నాడు. అది న్యాయమేనా అని రిటైరైన చరిత్ర మాస్టారికీ, పక్కింటి లాయరు గారికీ వాదన.)

లాయరు: ముందు చుట్టరికం తేల్చండి మాస్టారూ. రాణి ఈడిత్ తోడబుట్టినవాడు హెరాల్డ్. అంతేనా? రాజవంశపు రక్తం ఉందా?

మాస్టారు: ఉందని రుజువు లేదండీ. కానీ ఆ ఇంటి వియ్యాలు చూడండి. తండ్రి గాడ్విన్‌ని పైకి తెచ్చింది కనూట్ రాజు, అంతకుముందు ఇంగ్లండ్‌నీ డెన్మార్క్‌నీ ఏలినవాడు. డెన్మార్క్ రాజు స్వేన్ ఎవరనుకున్నారు? హెరాల్డ్‌కి సొంత మేనమామ కొడుకు! 1045లో గాడ్విన్ కూతుర్ని ఎడ్వర్డ్‌కిచ్చి ఇక్కడా చుట్టమయ్యాడు.

లాయరు: ఆ అల్లుడే 1051లో మామని దేశం నుంచి తరిమేశాడుగా. డోవర్ ఊరివాళ్ళకీ రాజుగారి అతిథి మనుషులకీ కొట్లాట. ఊరిని శిక్షించమంటే గాడ్విన్ ససేమిరా అన్నాడు. పాపం, ఈడిత్ చేసిందేముంది? భూములు, బంగారం, వెండి అన్నీ లాక్కుని మఠానికి పంపారు. ఆ పెళ్ళి ఎవర్ని కాపాడినట్టు?

మాస్టారు: మరుసటి ఏడే గాడ్విన్ ఓడలతో లండన్ దాకా వచ్చాడు. రాజు భూములన్నీ తిరిగిచ్చి, రాణిని వెనక్కి తెచ్చుకున్నాడు.

లాయరు: అంటే పనిచేసింది ఓడలు, చుట్టరికం కాదు!

మాస్టారు: సరే, రాజు చివరి ఘడియలు చూడండి. ఆ రోజుల్లోనే రాసిన ఎడ్వర్డ్ జీవిత చరిత్రలో ఉంది. ఈడిత్ నేలమీద కూర్చుని, భర్త పాదాలు ఒళ్ళో పెట్టుకుని వెచ్చబరుస్తోంది. రాజు ఆవిణ్ణీ రాజ్యాన్నీ హెరాల్డ్‌కే అప్పగించాడట.

లాయరు: ఆ పుస్తకం రాయించింది ఎవరు? ఈడితే! సాక్షి సొంత మనిషైతే కోర్టులో నవ్వుతారండీ. రక్తమే కావాలంటే ఎడ్గార్ ఉన్నాడు, ఎడ్వర్డ్ అన్నగారి మనవడు.

మాస్టారు: ఇంకా కుర్రాడు. వెనక సైన్యం లేదు. అవతల ఇదే సింహాసనం కోసం ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి అక్కడి ప్రభువు విలియం, నార్వే నుంచి ఇంకో రాజు కాచుకుని ఉన్నారు. పెద్దల సభ ఏం చేస్తుంది చెప్పండి?

లాయరు: మరి రాణి తమ్ముడో అన్నో కావడమే చాలితే, హెరాల్డ్ ఉత్తరాది ఎర్ల్‌లు (రాజు కింద ప్రాంతాల్ని ఏలే ప్రభువులు) ఎడ్విన్, మోర్కార్‌ల చెల్లెల్ని ఎందుకు చేసుకున్నాడు? సొంత తమ్ముడు టోస్టిగ్ నార్వే రాజుని వెంటేసుకుని అన్న మీదికే ఎందుకొచ్చాడు?

మాస్టారు: (కాసేపాగి) అది మాత్రం ఒప్పుకోవాలి. సెప్టెంబరు 25న స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర తమ్ముడు పోయాడు. మూడు వారాలు తిరక్కుండా హేస్టింగ్స్‌లో విలియంతో యుద్ధంలో హెరాల్డ్, ఇంకో ఇద్దరు తమ్ముళ్ళూ పోయారు.

లాయరు: ఆ తర్వాత సంగతి చెప్పనా? గెలిచిన విలియం కొడుకు హెన్రీ రాజవగానే 1100లో ఎవర్ని చేసుకున్నాడు? ఎడ్గార్ మేనకోడల్ని! చూశారా, చివరికి ఆ రక్తమే కావాల్సొచ్చింది.

మాస్టారు: రక్తం కావాలన్నారు, బానే ఉంది. తెచ్చుకుంది ఎలా? పెళ్ళితోనే కదండీ!