సేగన్‌ను కోవలో బంధించవద్దు

ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ కన్నుమూసి పాతికేళ్లు దాటినా, ఆయనది ఏ తరహా వ్యక్తిత్వమన్న విశ్లేషణలు ఆగలేదు. మనుషుల వ్యక్తిత్వాలను రకాలుగా విభజించే మైయర్స్-బ్రిగ్స్ పద్ధతిలోని 16 కోవల్లో ఏదో ఒకదానిలో ఆయనను చేర్చి, ఆయన వాక్పటిమకు మూలం అదేనని తేల్చేస్తున్నారు. అంతర్ముఖుడని కొందరు, బహిర్ముఖుడని మరికొందరు. సేగన్ నుంచి నేర్చుకోదగిన అసలు సంగతిని ఈ వాదన మరుగుపరుస్తోందన్నది మా అభిప్రాయం.

స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన వ్యక్తిత్వ రకాల సిద్ధాంతం ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ ఈ పద్ధతిని రూపొందించారు. మనిషి తన గురించి తానే జవాబులు చెప్పుకోవలసిన ఆ ప్రశ్నావళిని 1996లో మరణించిన వ్యక్తి తరఫున ఇతరులు పూరించడంలో అర్థం లేదు. పైగా ఇటువంటి వర్ణనలు ఎవరికైనా అతికినట్టే ఉంటాయి. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు, ఎవరిది వారికే ప్రత్యేకమని చెప్పి, ఒకే వ్యక్తిత్వ వివరణను పంచితే, వారు దాని కచ్చితత్వానికి 5కి సగటున 4.26 మార్కులు వేశారు. ఆ వాక్యాల్లో అధికభాగం జ్యోతిష పుస్తకం నుంచి తీసుకున్నవే. జ్యోతిషాన్ని జీవితాంతం ప్రశ్నించిన సేగన్‌కే ఈ కొలబద్ద వర్తింపజేయడం విచారకరం.

1980లో ప్రసారమైన సేగన్ టీవీ ధారావాహిక ‘కాస్మోస్’ తొలి భాగాన్ని చూడండి. ఈజిప్టు పటంపై రెండు చిన్న స్తంభాలు నిలిపి, పటాన్ని చేతులతో వంచి, ఒక స్తంభం నీడ లేకుండా ఉండగానే రెండోదానికి నీడ ఎలా పడుతుందో ఆయన చూపిస్తారు. గుండ్రని భూమి వంపును ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ నీడలతో పట్టుకున్న తీరు పిల్లలకు సైతం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ముందుగా ముగింపు చెప్పకుండా, చూసేవారిచేతనే తర్కం చేయించే ఈ బోధన జన్మతః అబ్బే స్వభావం కాదు. అది సాధనతో పట్టుబడే విద్య, ఏ ఉపాధ్యాయుడైనా అలవరచుకోగలిగినది.

ఆయన నిజాయితీ కూడా అటువంటిదే. 1991లో కువైట్ చమురు బావులు తగలబడితే, ఆ పొగ పైవాతావరణానికి చేరి మన దక్షిణాసియా పంటలను సైతం దెబ్బతీయవచ్చని సేగన్ హెచ్చరించారు. బావులు తగలబడినా పొగ అంత ఎత్తుకు పోలేదు, ఆసియాకు ముప్పు తప్పింది. తన అంచనా తప్పిన ఈ వైనాన్ని చివరి రోజుల్లో వెలువడిన పుస్తకంలో ఆయనే స్వయంగా నమోదు చేశారు. విజ్ఞాన ప్రచారకులను తీర్చిదిద్దదలచిన సంస్థలు కోవల పరీక్షలు మాని, ఈ రెండు అలవాట్లనే పాఠ్యాంశాలుగా చేర్చాలని మేము కోరుతున్నాం.