పురుడు టైముకి అమ్మని చేర్చలేని పాస్‌పోర్టుకి ఏ ర్యాంకైతే ఏంటి

రాత్రిపూట బెంగళూరు సిటీ స్టేషన్‌లో చెన్నై మెయిల్ ఎక్కేవాళ్ళని కాస్త గమనించండి, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైల్ పెట్టుకుని కూర్చున్న పెద్దవయసు దంపతులు ఒకరిద్దరైనా కనిపిస్తారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు, మారతహళ్ళి నుంచో కేఆర్ పురం నుంచో వచ్చినవాళ్ళు, లేదంటే కొడుకు దగ్గర ఉందామని చిత్తూరో అనంతపురమో వదిలి ఇక్కడికి వచ్చేసినవాళ్ళు. తెల్లారేసరికి చెన్నైలో దిగి, ఏ లాడ్జిలోనో స్నానం చేసి, జెమినీ ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేట్ ముందు లైన్లో నిలబడతారు. వేలిముద్రలకి ఒక రోజు, ఇంటర్వ్యూకి ఇంకో రోజు. కౌంటర్ దగ్గర అడిగేది రెండు మూడు నిమిషాలే, దానికోసం ఆ తల్లి నెల రోజులుగా జవాబులు ప్రాక్టీస్ చేసి ఉంటుంది. అక్కడ కూతురికి ఏడో నెల. అమ్మ వెళ్ళి పురుడు పోయాలి.

పాస్‌పోర్టు ర్యాంకుల గురించి టీవీల్లో, ఫోన్లలో హడావుడి మొదలైనప్పుడల్లా మాకు ఈ తల్లులే గుర్తొస్తారు. ఏ పాస్‌పోర్టుతో ఎన్ని చోట్లకి వెళ్ళొచ్చో లెక్కగట్టే హెన్లీ అనే కంపెనీ లిస్టు 2006 నుంచి వస్తోంది, ఏడాదికి కొన్నిసార్లు మారుతుంది, మారిన ప్రతిసారీ మన పాస్‌పోర్టు పైకెళ్ళిందనో పడిపోయిందనో ఒకటే గోల. 2025 జులైలో 77వ ర్యాంకు అని సంబరపడ్డాం, అక్టోబరుకి 85 అయ్యేసరికి పరువు పోయిందన్నాం, 2026 జనవరిలో 80 అనగానే మళ్ళీ కోలుకున్నాం అన్నాం. అసలు ఆ మూడు లిస్టుల్లో ముందుగా వీసా తీసుకోకుండా మనం వెళ్ళగలిగే చోట్ల సంఖ్య చూడండి: 59, 57, 55. అంటే ర్యాంకు అయిదు మెట్లు పెరిగిన ఆ జనవరిలోనే మనకి తెరిచి ఉన్న తలుపులు రెండు తగ్గాయి. ఇంకాస్త వెనక్కి వెళ్తే 2006లో మన ర్యాంకు 71, అప్పుడు వెళ్ళగలిగింది 25 చోట్లకే. తలుపులు రెండింతలకి పైగా పెరిగాయి, ర్యాంకు మాత్రం కిందకి దిగింది, ఎందుకంటే ఈ ఇరవై ఏళ్ళలో మిగతా దేశాలు మనకంటే జోరుగా ఒప్పందాలు చేసుకున్నాయి, పైగా ఒకే స్కోరు వచ్చిన దేశాలన్నిటికీ ఒకే ర్యాంకు ఇస్తారు కాబట్టి 85వ ర్యాంకు అంటే మనకంటే ముందు 84 దేశాలే ఉన్నాయని కాదు, చాలా ఎక్కువే ఉన్నాయి.

ఆ లెక్క ఎలా వేస్తారో తెలిస్తే ఇంకా మంచిది. విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ దగ్గరున్న డేటా తీసుకుంటారు, 199 పాస్‌పోర్టులు, 227 గమ్యాలు. వీసా అక్కర్లేకపోయినా, దిగాక ఎయిర్‌పోర్టులో ఇచ్చినా, బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో చిన్న పర్మిషన్ (ఈటీఏ) తీసుకోవాల్సి వచ్చినా ఒక పాయింటు. ముందే ప్రభుత్వం ఓకే అనాల్సిన ఈ-వీసా అయితే సున్నా. అందుకే ఈటీఏ అడిగే కెన్యాకి మనకో పాయింటు వస్తుంది, సెలవు దొరికితే మన ఐటీ పిల్లలు ఎగబడి వెళ్తున్న వియత్నాంకి రాదు, అక్కడికి ఈ-వీసా ఇంట్లో కూర్చుని తీసుకోగలిగినా సరే. పసిఫిక్ సముద్రంలో ఉన్న కుక్ ఐలాండ్స్‌కి కూడా మనకో పాయింటు ఉంది. కానీ అక్కడ దిగే విమానాలు ఎక్కువగా ఆక్లాండ్ నుంచో సిడ్నీ నుంచో ఎక్కాలి, ఆ ఊళ్ళలో విమానం మారడానికే మనకి విడిగా పర్మిషన్ కావాలి. లిస్టులో తలుపు తెరిచే ఉంది, దాని ముందున్న గేటుకి తాళం.

మన ఇళ్ళలో పాస్‌పోర్టు దేనికి తీస్తాం? ఈ ఒక్క ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలని మా కోరిక. సరదాగా తిరగడానికి తీసేవాళ్ళు పెరిగారు, సంతోషం, థాయ్‌లాండ్ 2023 నవంబరులో, మలేసియా అదే ఏడాది డిసెంబరులో వీసా ఎత్తేశాక బెంగళూరు నుంచి, చెన్నై నుంచి మధ్యతరగతి కుటుంబాలు పిల్లాపాపలతో వెళ్ళొస్తున్నాయి, ఫిలిప్పీన్స్ కూడా 2025లో తెరుచుకుంది. కానీ తెలుగు కుటుంబాల్లో చాలావాటికి పాస్‌పోర్టు అంటే అమెరికాలో కూతురి పురుడు, లండన్‌లో చదువుకునే కొడుకు పట్టా తీసుకునే రోజు, జర్మనీలో అన్నయ్య గృహప్రవేశం, ఆస్ట్రేలియాలో మనవడి అన్నప్రాసన, అనుకోనిది జరిగితే ఆఖరి చూపు. ఈ దేశాలన్నిటికీ మనకి ముందుగా వీసా కావాల్సిందే. అంటే 55 అనే ఆ అంకెలో ఈ నాలుగు దేశాల్లో ఒక్కటీ లేదు.

సింగపూర్‌లో ఉన్న ఒక తల్లిని ఊహించుకోండి, ఆవిడ కూతురికీ కాలిఫోర్నియాలో ఏడో నెలే అనుకుందాం. ఆవిడ ఫోన్‌లో ఫారం నింపుతుంది, 40 డాలర్ల పైచిలుకు కడుతుంది, చాలావరకు రెండు మూడు రోజుల్లోపే ఎస్టా అనే ఆన్‌లైన్ పర్మిషన్ వస్తుంది, అది రెండేళ్ళు పనిచేస్తుంది. మన తల్లికి డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపడానికే మనవడి సాయమో ఏజెంటు సాయమో కావాలి, 185 డాలర్లు కట్టాలి, స్లాట్ కోసం రోజూ పొద్దున్నే సైట్ తెరిచి చూడాలి, తర్వాత ఆ చెన్నై మెయిల్. తిరస్కరిస్తే కట్టిన డబ్బు పోయినట్టే, కారణం ఒక అచ్చు కాగితం మీద ఒక సెక్షన్ నంబరుగా చేతిలో పెడతారు. ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి: వీసా వచ్చిందంటే సాధారణంగా పదేళ్ళకి వస్తుంది, ఒకసారి గట్టెక్కిన కుటుంబానికి అది నిజంగా పెద్ద ఊరట. కానీ ర్యాంకు లెక్కలో ఆ పదేళ్ళ వీసాకి విలువ లేదు, ఆ మొదటి ఇంటర్వ్యూ కోసం పడ్డ దిగులుకీ లేదు.

యూరప్ సంగతికొస్తే 29 దేశాలకి కలిపి ఒకే షెన్‌గెన్ వీసా, వినడానికి బాగుంటుంది. 2024 జూన్‌లో ఫీజు 80 యూరోల నుంచి 90 చేశారు, దరఖాస్తులు తీసుకునే సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ వేరు. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి లీవ్ లెటర్, హోటల్ బుకింగులు, 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్సు, అన్నీ పెట్టాక కూడా వస్తుందో రాదో తెలీకుండానే టికెట్లు పెట్టుకోవాల్సిన పరిస్థితి. 2024లో మన దేశం నుంచి 11 లక్షలకి పైగా దరఖాస్తులు వెళ్తే లక్షా 65 వేలకి పైగా తిరస్కరించారు. అంటే వంద మందిలో దాదాపు పదిహేను మంది ఫీజులు, మన రూపాయల్లో వంద కోట్లు దాటిన డబ్బు, తిరిగి రాలేదు. పని జరిగినా జరగకపోయినా పూర్తి ఫీజు ఉంచేసుకోవడం న్యాయం కాదని మేం గట్టిగా అనుకుంటున్నాం, ఫైలు చూసిన ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తే ఏమవుతుంది? అదే 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ భారతీయుల కోసం ఒక మంచి రూల్ తెచ్చింది, మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సరిగ్గా వాడుకున్నవాళ్ళకి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత పాస్‌పోర్టుకి గడువు ఉంటే అయిదేళ్ళది. ఈ విషయం తెలీక ఇప్పటికీ సింగిల్ ఎంట్రీ చాలులే అని రాసేవాళ్ళు ఉన్నారు, దయచేసి కవర్ లెటర్‌లో మీ పాత వీసాల వివరాలు రాసి అడగండి.

మరి, కొన్ని దేశాలకి ఈ తలుపులు ఎలా తెరుచుకున్నాయి? యూఏఈ సంగతి చూడండి, 2006లో దాని పాస్‌పోర్టు ర్యాంకు 60ల్లో ఎక్కడో ఉండేది, 2015 మేలో షెన్‌గెన్ దేశాలతో వీసా రద్దు ఒప్పందం చేసుకుంది, అరబ్ దేశాల్లో అదే మొదటిది, ఇప్పుడు మొదటి పదిలో ఉంది. జార్జియా, ఉక్రెయిన్ 2017లో యూరప్‌కి వీసా లేకుండా వెళ్ళే హక్కు తెచ్చుకున్నాయి, ఊరికే రాలేదు, చిప్ ఉన్న పాస్‌పోర్టులు ఇచ్చారు, గడువు దాటి ఉండిపోయిన తమ మనుషుల్ని వెనక్కి తీసుకుంటామని రాసిచ్చారు. అమెరికా ఎస్టా జాబితాలో చేరాలంటే ఆ దేశస్తుల విజిటర్ వీసాల తిరస్కరణ 3 శాతంలోపు ఉండాలి. మనం దానికి చాలా దూరంలో ఉన్నాం.

ఇక్కడ మన ఇంటి తప్పు కూడా మాట్లాడాలి. తెరిచిన తలుపులు మూసుకుపోయిన సందర్భాలు కళ్ళ ముందే ఉన్నాయి. సెర్బియా మనకి వీసా లేకుండా రానిచ్చేది, అక్కడి నుంచి చాటుగా యూరప్‌లోకి దూరుతున్నారని యూరోపియన్ యూనియన్ ఒత్తిడి పెడితే 2023 జనవరి 1 నుంచి ఆపేసింది. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో తెరిచింది, ఉద్యోగాలిప్పిస్తామని మనవాళ్ళని తీసుకెళ్ళి అక్కడ కిడ్నాప్ చేసి డబ్బులు గుంజిన కేసులు బయటపడ్డాక 2025 నవంబరు 22 నుంచి ఆపేసింది. మోసపోయినవాళ్ళు పేద ఇళ్ళ పిల్లలు, మోసం చేసింది మన మధ్య ఆఫీసులు పెట్టుకున్న ఏజెంట్లు. బెంగళూరులో, చెన్నైలో, మన ఊళ్ళలో కూడా ఖాతాలో డబ్బు రెండు వారాలు పెట్టి చూపిస్తాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ తయారు చేసిస్తాం అని చెప్పే కన్సల్టెన్సీలు ఉన్నాయని అందరికీ తెలుసు. అలాంటి ఒక్క దొంగ స్టేట్‌మెంట్ దొరికితే ఆ తర్వాత వచ్చే నిజాయితీ గల రిటైర్డ్ టీచర్ పాస్‌బుక్‌ని కూడా ఆఫీసరు అనుమానంగానే చూస్తాడు. ఆ టీచర్ చేసిన తప్పేంటి? పోలీసులు ఇలాంటి ఆఫీసుల మీద ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి చూడాలి, విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి, అది గోడ మీద కనిపించకపోతే తల్లిదండ్రులు పైసా కట్టొద్దు.

మన ప్రభుత్వం వైపు నుంచి జరిగినవి లేకపోలేదు. పాస్‌పోర్టు తీసుకోవడం ఒకప్పుడు కాళ్ళరిగే పని, పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు 2010లో ప్రయోగంగా మొదలైన ఊళ్ళలో మన బెంగళూరు ఒకటి, ఇప్పుడు లాల్‌బాగ్ రోడ్డులోనో మారతహళ్ళిలోనో గంటా రెండు గంటల్లో బయటికొస్తున్నాం. 36 పేజీల బుక్కుకి ఫీజు 1,500 రూపాయలు. చెన్నైలో 2025 మార్చి నుంచి చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు ఇస్తున్నారు, తర్వాత దేశమంతా వచ్చాయి. బ్రిటన్‌తో 2021లో, జర్మనీతో 2022లో మనుషుల రాకపోకల మీద ఒప్పందాలు కూడా కుదిరాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం చదువుకునేవాళ్ళకి, నైపుణ్యం ఉన్న ఉద్యోగులకి. ఆ ఉద్యోగుల్ని కన్న అమ్మానాన్నల మాట ఎక్కడుంది? ఇకపై ఏ దేశంతో కూర్చున్నా పురుడు, ఆపరేషన్, చావు లాంటి వాటికి తల్లిదండ్రులకి వారంలోపు వీసా నిర్ణయం వచ్చే దారి ఒకటి అడగాలి, అది అడగడానికి మనకి మొహమాటం అక్కర్లేదు, ఆ దేశాల ఆస్పత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మన పిల్లల పనితోనే నడుస్తున్నాయి.

మనం కూడా కాస్త తెరవాలి. 2014 నుంచి మన ఈ-వీసా ఉంది, మంచిదే, కానీ అసలు వీసా లేకుండా ఇక్కడికి రాగలిగేది నేపాల్, భూటాన్, మాల్దీవుల వాళ్ళ లాంటి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మనకి తలుపు తీసిన థాయ్‌లాండ్, మలేసియా వాళ్ళు ఇక్కడికి రావాలంటే ఫారాలు నింపాలి. ఇంటికి పిలవకుండా మనల్నే పిలవమంటే ఎన్నాళ్ళు పిలుస్తారు?

2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. వాళ్ళందరూ దేశం మీద ప్రేమ లేక వదల్లేదు, విమానం ఎక్కాల్సి వచ్చిన ప్రతిసారీ ఫైలు మోయలేక వదిలినవాళ్ళు మాకు తెలుసు, మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి వాళ్ళకి ఏదో ఒకటే ఎంచుకోవాల్సి వచ్చింది.

బెంగళూరులో అమెరికా కాన్సులేట్ 2025 జనవరి 17న ప్రారంభమైంది, వీసా సేవలు మాత్రం ఆ రోజు మొదలవలేదు. ఆ కౌంటర్ ఇక్కడ తెరిపించే బాధ్యత కర్ణాటక ఎంపీలు, కేంద్ర విదేశాంగ శాఖ తీసుకోవాలి, దానికి ఒక తేదీ చెప్పాలి. దాంతోపాటు ప్రతి బడ్జెట్ సమావేశాల్లో పార్లమెంటు ముందు ఒక పట్టిక పెట్టాలని అడుగుతున్నాం: ఏ దేశానికి మనవాళ్ళు ఎంతమంది దరఖాస్తు పెట్టారు, స్లాట్ దొరకడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎంతమందికి కాదన్నారు, కాదన్నవాళ్ళ దగ్గర ఎంత ఫీజు ఉంచేసుకున్నారు, ఆ దరఖాస్తుల్లో అరవై ఏళ్ళు దాటిన తల్లిదండ్రులవి ఎన్ని.