అల్లిన కథైతే పేతురు పరువు తీస్తారా?
యేసు జీవితం చెప్పే సువార్తలు రాసిన మార్కు, మత్తయి, లూకా లాంటివాళ్లు మతం కోసం కథ అల్లారన్న మాట నాకు ఎక్కలేదు. అల్లేవాడు సొంత నాయకుడి పరువు తీస్తాడా? యేసు ముఖ్య శిష్యుడు పేతురు చలి కాచుకుంటూ, ఒక పనిపిల్ల నిలదీస్తే భయపడి యేసెవరో తెలియదన్నాడని, కోడి కూశాక ఏడ్చాడని మార్కు దాచకుండా రాశాడు. కోర్టులో గుమాస్తాగా చేసినన్నాళ్లూ నాకు అనుమానం వచ్చింది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే సాక్షుల మీదే. వీళ్లు అలా లేరు. అలాగని సర్దుబాట్లు లేవనను. యేసు కుడి ఎడమల చోటు మాకివ్వమని మార్కులో శిష్యులు యాకోబు, యోహానులే అడుగుతారు. మత్తయికి వచ్చేసరికి అది కాస్తా వాళ్లమ్మ అడిగినట్టయింది! లూకా మాత్రం, కళ్లారా చూసినవాళ్లు చెప్పిందాన్ని విచారించి రాస్తున్నానని మొదట్లోనే చెప్పేశాడు. తానే చూశానని గొప్పలకు పోలేదు.