ఎక్స్‌ట్రా లిక్కర్ ఒక పౌండు

ఇది జరిగింది మొన్న శనివారం. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, అక్కడక్కడా మాట తూలితే సర్దుకోండి.

మేం ఉండేది తూర్పు లండన్‌లో, బో అనే పేటలో. పోయిన నెల మా పక్క వీధి లైబ్రరీలో 1888 నాటి అగ్గిపుల్లల ఫ్యాక్టరీ సమ్మె మీద చిన్న సభ ఉంటే, ఇంట్లో కూర్చుని చేసేదేముందని వెళ్లాను. ఆ ఫ్యాక్టరీ మా ఇంటికి పది నిమిషాల నడక, ఇప్పుడు గేటు వేసిన ఖరీదైన ఫ్లాట్లయ్యాయి. తెల్ల భాస్వరంతో పనిచేసి దవడ ఎముకలు కుళ్లిపోయిన ఆడపిల్లలు, మాట్లాడితే ఫైను, కాళ్లు మురికిగా ఉంటే ఫైను, చివరికి దాదాపు 1,400 మంది పని ఆపి బయటికొచ్చేశారు. అంతవరకూ బుద్ధిగానే విన్నాను. తర్వాత స్లైడు మారి తెర మీద అనీ బిసెంట్ ఫొటో వచ్చింది.

మాది మదనపల్లె. మా నాన్న చదివింది ఆవిడ పేరు మీదున్న కాలేజీలో. ఇక ఊరుకుంటానా? చెయ్యెత్తి, ఈ సమ్మె నడిపించిన తల్లి తర్వాత మా ఊళ్లో కాలేజీ పెట్టిందనీ, 1919లో టాగోర్ అక్కడే కూర్చుని జనగణమనకి ఇంగ్లీషు అనువాదం రాశాడనీ అయిదు నిమిషాలు దంచాను. వెనక వరసలోంచి మా వీధి ముసలావిడ లేచి, "ఆవిడ పేపర్లో రాసింది నాయనా, ఫ్యాక్టరీ గేటు దాటి నడిచింది మాత్రం మా పిల్లలు" అంది. చప్పట్లు మోగాయి, నాకు కాదు. టీ తాగుతుంటే ఆవిడే వచ్చి భుజం తట్టి, వచ్చే శనివారం హాల్లో కాక్నీ పండగ ఉంది, ఇంత ఉత్సాహం ఉన్నవాడివి మీ వాళ్లని కూడా తీసుకురాకూడదా అంది. నోరు జారినవాడికి శిక్ష పడాలిగా, తలూపాను.

కాక్నీ అంటే ఎవరని మా ఆవిడ అడిగితే నేను చెప్పిన లెక్క ఇది. బో గంటలు వినిపించేంత దూరంలో పుట్టినవాళ్లు కాక్నీలు. అయితే ఆ గంటలు బోలో లేవు. ఇక్కణ్ణుంచి మూడు మైళ్లవతల, చీప్‌సైడ్‌లో సెయింట్ మేరీ లె బో అనే చర్చిలో ఉన్నాయి. పైగా 1941లో బాంబులు పడి గంటలు నేలకూలాయి, మళ్లీ మోగింది 1961లో. మరి ఆ మధ్య ఇరవై ఏళ్లలో పుట్టినవాళ్లు ఏమిటని మా ఆవిడ అడిగింది. నన్నడుగుతావేం అన్నాను.

వీళ్ల భాష ఇంకో తలనొప్పి. మెట్లని మెట్లు అనరు, 'ఆపిల్స్ అండ్ పేర్స్' అంటారు. పేర్స్‌కీ స్టెయిర్స్‌కీ ప్రాస కుదిరింది కదా, అందుకు. అక్కడితో ఆగినా బాగుండేది, ప్రాస కుదిరిన మాటనే మింగేసి ఉత్త 'ఆపిల్స్' అంటారు. ఫోన్ 'డాగ్ అండ్ బోన్'. కూర 'రూబీ', ఎందుకంటే 1950ల్లో రూబీ మర్రే అని ఒక గాయని ఉండేది, మర్రేకీ కర్రీకీ ప్రాస! ఆ ముసలావిడ ఒకసారి రోడ్డు మీద, శుక్రవారం రూబీకి వెళ్తున్నావా అని గట్టిగా అడిగితే మా ఆవిడకి సమాధానం చెప్పేసరికి నా ప్రాణం పోయింది. ఇలా ప్రతి మాటకీ ముసుగేసే జనం 'లిక్కర్' అని రాస్తే, ఆ ఒక్క మాటా అచ్చంగా లిక్కరే అని నేను నమ్మాను. ఇదీ నా తెలివి.

ఆన్‌లైన్ ఫారంలో అలాగే ఉంది మరి. పై (లోపల కూర పెట్టి కాల్చిన పిండివంట), మ్యాష్ (మెత్తగా మెదిపిన బంగాళాదుంప), లిక్కర్, ఎనిమిది పౌండ్లు. దాని కింద ఒక గడి. ఎక్స్‌ట్రా లిక్కర్, ఒక పౌండు. ఆ కింద సన్నక్షరాల్లో డబ్బు వాపసు లేదని. పల్లీలు పడవా, గోధుమ పడదా అంటూ పదకొండు ప్రశ్నలు వేసిన ఆ ఫారం, లిక్కర్ అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పలేదు. నేనేమీ గుడ్డిగా దూకలేదు, కమిటీ వాళ్లకి మెయిల్ కూడా పెట్టాను. మావాళ్లలో కొందరు చూడ్డానికి చిన్నపిల్లల్లా ఉంటారు, లిక్కర్‌కి ఐడీ చూపించాలా అని. జవాబొచ్చింది. "అవసరం లేదు. పిల్లలు కూడా ఇష్టంగా తాగుతారు!"

ఎంత ముందుకెళ్లిపోయిన దేశం అనుకున్నాను.

ఈస్ట్ హామ్‌లో మన స్టూడెంట్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది, అందులో నేను పెద్దన్నని. మామూలుగా సాంస్కృతిక కార్యక్రమం అని మెసేజ్ పెడితే రెండు నమస్కారాలొచ్చి ఆగిపోతాయి. ఈసారి ఫారం ఫొటో పెట్టాను. పబ్బులో ఒక్క బీరుకే ఆరేడు పౌండ్లు వదిలే ఊళ్లో ఎనిమిది పౌండ్లకి తిండీ మందూ, పైన ఒక పౌండుకి ఎక్స్‌ట్రా! పావుగంటలో పద్నాలుగు పేర్లు. పై బీఫా కూరగాయలా అన్నది ఎవరికి వాళ్లే టిక్కు పెట్టుకోండి, ఆ గొడవ నాకొద్దన్నాను. ఎక్స్‌ట్రా లిక్కర్ దగ్గర మాత్రం గొడవే లేదు, అందరూ టిక్కు పెట్టారు. నాతో కలిపి పదిహేను ప్లేట్లు, 135 పౌండ్లు, నా కార్డు మీద.

శనివారం డిస్ట్రిక్ట్ లైన్ ట్రైన్‌లోంచి బో రోడ్‌లో దిగారు పద్నాలుగు మందీ, స్నానాలు చేసి, సెంటు కొట్టుకుని. ఒకడి చేతిలో మిక్చర్ ప్యాకెట్లు, ఇంకొకడి బ్యాగులో వేయించిన పల్లీలు, కోసి డబ్బాలో పెట్టుకొచ్చిన ఉల్లిపాయలు, నిమ్మకాయలు. స్టఫ్. భీమవరం కుర్రాడైతే సోడా కూడా తెచ్చాడు. నేనది చూసి మందలించానా? లేదు, ఐస్ తెచ్చావా అని అడిగాను.

హాల్లో ఏం జరిగిందో మొదటి గంట సరిగ్గా గుర్తులేదు. పియానో వాయించారు, పాటలు పాడారు, ముత్యపుచిప్ప గుండీల కోటు వేసుకున్న ఒక పెద్దాయన అందరికీ చేతులు కలిపాడు. వాళ్లని పెర్లీ రాజులంటారు. ఆ ఆచారం మొదలెట్టింది హెన్రీ క్రాఫ్ట్ అనే అనాథ, వీధులూడ్చే మనిషి, ధర్మానికి చందాలు పోగెయ్యడానికి ఒళ్లంతా గుండీలు కుట్టుకుని తిరిగేవాడట. కోటు చూస్తే మా వైపు లంబాడీల అద్దాల పైటే గుర్తొచ్చింది. ఇవన్నీ కుర్రాళ్లకి చెప్పాలని బట్టీ పట్టి వెళ్లాను. ఒక్కడూ వినలేదు. అందరి కళ్లూ కౌంటర్ వెనకున్న పెద్ద స్టీలు గిన్నె మీదే.

గరిటె పట్టుకుని నిలబడింది మా వీధి ముసలావిడే. క్యూలో ముందున్నది వరంగల్ కుర్రాడు. వాడు చాలా మర్యాదగా, "ఆంటీ, లిక్కర్ ఏ బ్రాండ్?" అన్నాడు.

"పార్స్లీ, డార్లింగ్" అందావిడ.

వాడు వెనక్కి తిరిగి, "అన్నా, పార్స్లీ అంట, ఎప్పుడన్న విన్నవా?" అన్నాడు. వినలేదు. కానీ పెద్దన్నని, తెలీదంటే పరువేం కాను? లోకల్‌ది, బయట దొరకదు అన్నాను. క్యూలో వెనకదాకా పాకింది, పార్స్లీ అంట, లోకల్‌దంట, బయట దొరకదంట. ఎన్నేళ్లదో అడుగన్నా అని ఎవడో అన్నాడు. అడిగాను. ఆవిడ పకపకా నవ్వి తన యాసలో గబగబా ఏదో చెప్పింది, అది కుర్రాళ్లకి అందలేదు. నాలుగేళ్లుగా బోలో కాపురముంటున్నవాణ్ణి కాబట్టి నేనే తెలుగు చేసి చెప్పాను. "ఏళ్లేం లేవట. పొద్దున ఆరింటికి ఇంట్లోనే కాచిందట."

ఆ మాట ఎందుకొచ్చిందో నా నోటికి. తెలుగులో పాలు కాస్తారు, నెయ్యి కాస్తారు, ఇంకొకటి కూడా కాస్తారు. ఆ క్యూలో పాలు గుర్తొచ్చినవాడు ఒక్కడూ లేడు. పద్నాలుగు మంది కళ్లలోకీ ఒక్కసారిగా భక్తి వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, లండన్ నడిబొడ్డున, తెల్లారుజామున లేచి! భీమవరం కుర్రాడు సోడా బాటిల్ మెల్లగా బ్యాగులో పెట్టేసి, "నాటుదైతే సోడా వెయ్యకూడదండీ, తప్పండీ" అన్నాడు.

ఆవిడ మూత తీసింది. ఆవిరి లేచింది. వేడిగా ఇస్తారా అన్నా అన్నారు. చలిదేశం కదరా అన్నాను. అప్పటికీ ఆగలేదు నేను.

గరిటె పైకి లేచింది. అందులోంచి ఆకుపచ్చగా, చిక్కగా, మొదట్లో పడనా వద్దా అన్నట్టు వేలాడి, తర్వాత ఒక్కసారిగా ముద్దలా జారి పై మీదా మ్యాష్ మీదా పరుచుకుంది. వేడి గంజిలో కొత్తిమీర తరిగి వేస్తే ఎలా ఉంటుందో అలా. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ ప్లేటు వెనక్కివ్వకుండా ఒకసారి నా వైపు చూసి, "నీకు ఎక్స్‌ట్రా కదూ" అని వాడికి ఇంకో గరిటె పోసింది. మ్యాష్ మునిగింది.

"గిదేందన్నా?"

ఆ తర్వాత ఇంకో పదమూడు ప్లేట్లు, చివర్న నాది, ప్లేటుకి రెండేసి గరిటెలు. ముప్ఫైసార్లు ఆ చప్పుడు విన్నాను, నిన్న రాత్రి కల్లో కూడా వినిపించింది.

అసలు సంగతి తర్వాత ఆవిడే చెప్పింది. వెనకటికి ఈల్స్, అంటే పాముల్లా ఉండే చేపలు, థేమ్స్‌లో చవగ్గా దొరికేవి. వాటిని ఉడికించిన నీళ్లు పారబొయ్యకుండా పిండీ పార్స్లీ ఆకూ వేసి చిక్కగా కాచి, పై మీద పోసుకునేవాళ్లు. లిక్కర్ అంటే అదే. మా అవ్వ పప్పుకట్టు పారబొయ్యకుండా చారు పెట్టినట్టే. చక్కగా అర్థమైంది, కానీ ఈ నాలుగు ముక్కలూ ఆ ఫారంలో రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది? గూగుల్ చేస్తే నీ సొమ్మేం పోయేదని మా ఆవిడ అంటోంది. ఆవిడ మాట ఇక్కడ అనవసరం.

తినక తప్పదు, తొమ్మిది పౌండ్లు. కత్తి అడిగితే పక్క బెంచీ పెద్దాయన, పై తినేది ఫోర్కూ స్పూనుతోనే అని కోప్పడ్డాడు. వినిగర్ పోసుకోమన్నాడు. మావాళ్లు వినిగర్‌తో ఆగలేదు, ఉల్లిపాయలు, నిమ్మరసం, పల్లీలు, పైన మిక్చర్ చల్లి కలిపేశారు. పెద్దాయన మొహం ఇటు తిప్పుకోలేదు మళ్లీ. భీమవరం కుర్రాడు మాత్రం ఇంకో టేబుల్ మీద జెల్లీలో పెట్టిన ఈల్ ముక్కలు చూసి, "బొమ్మిడాయిలండీ!" అని పరుగెత్తాడు. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు ఆగాడు. "ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చెయ్యడం మర్చిపోయారండీ, పులుసు పెట్టడం కూడా మర్చిపోయారండీ" అన్నాడు, తిరిగొచ్చి.

ఇందాక కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఎక్స్‌ట్రా లిక్కర్‌కి ఇంత ఆర్డరు రావడం ఇదే మొదటిసారట, మా కమ్యూనిటీకి అదంటే ఇంత ఇష్టమని వాళ్లకి తెలియదట, వచ్చే ఏడాది ఇంకా పెద్ద గిన్నె తెస్తారట. ఫీడ్‌బ్యాక్ ఫారం జత చేశారు, ఇరవై రెండు ప్రశ్నలు.

పద్నాలుగు మందిలో ముగ్గురు ఇంకా డబ్బులు పంపలేదు. మందు ఇవ్వలేదు కాబట్టి సగమే ఇస్తారట. ఎవరో వాళ్లకి తెలుసు. అకౌంట్ నంబరు గ్రూపులో పిన్ చేశాను.