ఎడ్లకూ ఐదు రౌండ్లు

ప్రకాశం జిల్లా తిరునాళ్లలో బండలాగుడు పోటీలు ఇంకా పాతకాలపు పద్ధతిలోనే సాగడం విచారకరం. పళ్లు చూసి వయసు కట్టి విభాగం తేలుస్తారు. కాడి కట్టి, గడువులోపల జత ఎన్ని అడుగులు లాగిందో టేపుతో కొలుస్తారు. బండ లాగగలదో లేదో తెలుసుకోవడానికి బండే లాగించడం ఎంత మొరటుతనమో, హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలను చూసైనా మనవాళ్లు గ్రహించలేదు.

కాబట్టి పోటీ కమిటీలకు మా విన్నపం: ఎడ్లనూ ఆ కంపెనీల్లాగే ఇంటర్వ్యూలు చేసి తీసుకోండి. ముందుగా ప్రకటనలో, నాలుగు పళ్ల గిత్తకు 10 ఏళ్ల అనుభవం తప్పనిసరి అని రాయండి. నవ్వకండి. 2020లో ఒక ఉద్యోగ ప్రకటన ఫాస్ట్ఏపీఐ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో కనీసం 4 ఏళ్ల అనుభవం అడిగింది. దాన్ని సృష్టించిన సెబాస్టియన్ రామిరెజ్‌కే అప్పటికి ఏడాదిన్నర అనుభవం.

తర్వాత బోర్డు ముందు నిలబెట్టి బైనరీ ట్రీని, అంటే కొమ్మకు రెండుకు మించి పిల్లకొమ్మలు లేని కంప్యూటర్ లెక్కల చెట్టును, తిరగేయమనండి. ఆ చెట్టుకు వేరు పైన, ఆకులు కింద. తిరగేయడమంటే ప్రతి కొమ్మ దగ్గరా ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చడం. దాపట ఎద్దును వలపటకు మార్చి కట్టే రైతు దీన్ని పనిగా కూడా లెక్కపెట్టడు. అందుకే దానికి రికర్షన్ అని పేరు పెట్టి, 45 నిమిషాలిచ్చి, ఎదురుగా ఒకరు ముఖం గంటు పెట్టుకుని కూర్చోవాలి. హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్ రాసిన మాక్స్ హొవెల్‌ను గూగుల్ వద్దన్నది ఈ చెట్టు దగ్గరేనని 2015లో ఆయనే చెప్పుకున్నాడు. అప్పట్లో అక్కడి ఇంజనీర్లలో నూటికి తొంభై మంది ఆయన రాసిందే వాడేవారట. అయితే ఏం, చెట్టు చెట్టే.

చివరిది హెచ్‌ఆర్ రౌండు. ‘బండ కనిపిస్తే ఆగలేకపోవడమే నా బలహీనత’ అన్న గిత్తను తీసుకోండి. ‘మేత కోసం లాగుతాను’ అన్నదాన్ని మర్యాదగా సాగనంపండి.

కొలువులో చేరిన గిత్తకు వెంటనే బండ చూపించకూడదు. మొదట లాగిన్ కోసం ఎదురుచూడాలి, ఆపై కొమ్ముల రంగు మార్చే టికెట్టు, అంటే చిల్లర పని. రోజూ పొద్దున స్టాండప్: నిన్న ఎంత లాగావు, ఈరోజు ఎంత లాగుతావు, అడ్డంకులు ఏమిటి? బండే అడ్డంకి అనకూడదు. బండ మీద నిలబడి ఉన్న మేనేజర్ల బరువు గురించి అసలే అనకూడదు. మానుకోవాలంటే మూడు నెలల నోటీసు. ఆ మూడు నెలలూ బండ ఎలా లాగాలో కొత్త గిత్తకు నేర్పాలి.

ఆన్‌సైట్, అంటే పని మీద విదేశానికి పంపే విషయంలో మాత్రం కంపెనీలే మన దగ్గర నేర్చుకోవాలి. ఒంగోలు జాతి 19వ శతాబ్దంలోనే ఓడెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీద ‘నెలోర్’గా స్థిరపడి, అక్కడి మందల్లో సింహభాగమైంది. వీసా ముద్ర కోసం ఒక్కటీ వెనక్కి రాలేదు. అక్కడ ఆ జాతిని పెంచేది ముఖ్యంగా మాంసానికన్న సంగతి ఆఫర్ లెటర్‌లో ఉండి ఉండదు.